జెస్సీ సంతకం పెట్టిన కాగితం



వెల్లూరు సీఎంసీలో తీవ్రమైన హీమోఫీలియా ఉన్న ఐదుగురికి జన్యు చికిత్స చేశారు. ఫలితాలు 2024 డిసెంబరులో వెలువడ్డాయి. పరిశీలించిన కాలంలో వారిలో ఎవరికీ రక్తస్రావం కాలేదు. సంతోషించాల్సిన వార్తే. అయితే ఈ దారిలో ప్రాణం పోగొట్టుకున్న ఒక కుర్రవాడి కథ కూడా మనం తెలుసుకోవాలి.

పేరు జెస్సీ గెల్సింగర్. ఊరు అమెరికాలోని టూసాన్. వయసు 18. ఒంట్లో పుట్టే అమ్మోనియాను కాలేయం సరిగా వదిలించలేని జబ్బు అతనిది. పథ్యంతో, మందులతో నెట్టుకొస్తున్నాడు. ఇదే జబ్బు తీవ్రంగా ఉండి పుట్టే పసిబిడ్డలకు మేలు జరుగుతుందని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం ప్రయోగంలో చేరాడు. 1999 సెప్టెంబరు 13న, సరైన జన్యువును మోసే వైరస్‌ను అతనికి ఎక్కించారు. 17న చనిపోయాడు.

తర్వాత అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ తనిఖీ చేసింది. ఎక్కించేముందు అతని అమ్మోనియా నిబంధన అనుమతించిన హద్దును దాటి ఉంది. అంతకుముందు కొందరు రోగులకు వచ్చిన తీవ్ర దుష్ప్రభావాలను వెంటనే తెలియజేయలేదు. ఇలాంటి వైరస్‌ను ఎక్కువ మోతాదులో ఇచ్చిన కోతులు చనిపోయిన సంగతి, జెస్సీ సంతకం పెట్టిన కాగితంలో లేదు. పరిశోధన సారథి డాక్టర్ జేమ్స్ విల్సన్‌కు తాను స్థాపించిన జెనోవో కంపెనీలో వాటా ఉండడమూ చర్చకు వచ్చింది.

మొదట డాక్టర్లను సమర్థించిన తండ్రి పాల్, ఇవన్నీ బయటపడ్డాక 2000 ఫిబ్రవరిలో సెనేట్ కమిటీ ముందు సాక్ష్యం చెప్పారు. ఆ విశ్వవిద్యాలయంలో జన్యు చికిత్స ప్రయోగాలను ఎఫ్‌డీఏ ఆపేసింది. 2005లో విశ్వవిద్యాలయం ప్రభుత్వానికి 5 లక్షల డాలర్లకు పైగా కట్టి కేసు ముగించుకుంది.

జన్యు చికిత్స చెడ్డదని చెప్పడం నా ఉద్దేశం కాదు. ప్రయోగంలో ప్రమాదం ఉంటుంది. దాన్ని దాచడమే తప్పు.

మన దేశంలో 2019 క్లినికల్ ట్రయల్స్ నిబంధనల ప్రకారం సమ్మతి పత్రం పాల్గొనే మనిషికి అర్థమయ్యే భాషలో ఉండాలి. ఇది మనలాంటివారికి మరీ ముఖ్యం. తమిళనాట, కర్ణాటకలో, ఒడిశాలో పుట్టి పెరిగినా, మన పెద్దలు చాలామందికి జబ్బు సంగతి తెలుగులో చెబితేనే మనసుకెక్కుతుంది. కాగితం అర్థం కాకపోతే తెలుగులో చెప్పమని అడగండి. ఇంతకుముందు ఎవరికేమైందో అడగండి. నష్టం జరిగితే వైద్యం, పరిహారం ఎవరిస్తారో అడగండి. ఇష్టం లేకపోతే మధ్యలోనైనా తప్పుకోవచ్చు. జవాబు తృప్తిగా లేకపోతే సంతకం పెట్టకండి.