బూజుపట్టిన గడ్డి నుండి మందు

గుండెజబ్బుగలవారిలో కొందరికి వైద్యులు "రక్తము పలుచబడు మందు" ఇచ్చుచుందురు. ఈ మాట వాడుకలో నున్నను సరియైనది కాదు. ఈ మందు రక్తమును నీరువలె పలుచన చేయదు. గడ్డకట్టుటను ఆలస్యము చేయును. ఇట్టి మందులలో పేరుపొందినది వార్ఫరిన్. దీని చరిత్ర ఆసుపత్రిలో గాక పశువుల కొట్టములో మొదలైనది.

1920 తరువాత కెనడాలోను, అమెరికా ఉత్తర రాష్ట్రములలోను పశువులకొక వింత వ్యాధి సోకెను. కొమ్ములు కోసినచో నెత్తురు ఆగక పశువు చచ్చెడిది. ఒక్కొక్కప్పుడు గాయమే లేకుండ లోలోపల రక్తము కారి చచ్చెడిది. ఆ పశువులు తిన్నది స్వీట్‌క్లోవర్ అను మేత. ఫ్రాంక్ షోఫీల్డ్ అను పశువైద్యుడు ఒకే వామిలోని మంచి కాడలను, చెడిన కాడలను వేరుచేసి కుందేళ్లకు పెట్టెను. చెడిన కాడలు తిన్న కుందేలే చచ్చినది. కావున దోషము మొక్కది కాదు, అది బూజుపట్టి చెడుటవలన కలిగినదని తేలినది.

1933 ఫిబ్రవరిలో ఒక రైతు మంచుతుఫానులో ప్రయాణము చేసి, చచ్చిన పెయ్యను, పాలక్యానులో గడ్డకట్టని నెత్తురును, చెడిన మేతను విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమునకు తెచ్చెను. అచట రసాయనశాస్త్రజ్ఞుడైన కార్ల్ పాల్ లింక్ పరిశోధనకు పూనుకొనెను. 1939లో ఆయన సహచరుడు కాంప్‌బెల్ ఆ విషమును స్ఫటికములుగా వేరుచేసెను. మేతకు సువాసననిచ్చు కుమరిన్ బూజువలన మారి డైకుమరాల్ అను ఈ పదార్థమగుచున్నది. దాని జాతికే చెందిన వార్ఫరిన్ 1948లో ఎలుకలమందుగా అమ్మకమునకు వచ్చెను. 1951లో దానిని మ్రింగిన ఒక సైనికుడు కె-విటమిను చికిత్సతో పూర్తిగా కోలుకొనెను. విషమునకు విరుగుడున్నదని తెలియగా వైద్యులకు ధైర్యము కలిగెను. 1954లో అది మనుష్యుల మందైనది; 1955లో గుండెపోటు వచ్చిన అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవరునకు దానినే ఇచ్చిరి.

ఇది పనిచేయు విధమేమి? రక్తము గడ్డకట్టుటకు కావలసిన ప్రోత్రాంబిన్ మొదలగు ప్రొటీనులను కాలేయము కె-విటమిను సహాయముతో తయారుచేయును. ఈ పనిలో ఖర్చైన విటమినును ఒక ఎంజైము తిరిగి పనికివచ్చునట్లు చేయును. వార్ఫరిన్ ఆ ఎంజైమును అడ్డగించును. అయితే రక్తములో అంతకుముందే యున్న ప్రొటీనులు తరుగుటకు కొన్ని దినములు పట్టును. కావున నేటి మాత్ర ఫలము నేడే కనబడదు. ఒకనాడు మాత్ర మరచితిమని మరునాడు రెండు మ్రింగరాదు.

మోతాదు తగ్గినచో రక్తము గడ్డకట్టును. హెచ్చినచో రక్తస్రావము కలుగును. అందుచేతనే ఐ.ఎన్.ఆర్. అను రక్తపరీక్ష అవసరము. ఎక్కువమందికి అది 2, 3ల నడుమ నుండవలెను. ఆకుకూరలలో కె-విటమిను మెండు. వానిని మానవలసిన పనిలేదు. కాని ఒక వారము రోజూ తోటకూర, మరువారము అసలే లేకపోవుట మంచిది కాదు. ఆస్పిరిన్ వంటి నొప్పిమాత్రలు, కొన్ని యాంటిబయాటిక్కులు ప్రమాదమును హెచ్చించును, వైద్యునడుగక వాడరాదు. గర్భిణులలో శిశువునకు హాని కలుగవచ్చును. మలము నల్లబడినను, మూత్రము ఎర్రబడినను, తలకు దెబ్బ తగిలినను వెంటనే ఆసుపత్రికి పోవలెను.

2010 నుండి ఈ పరీక్ష అక్కరలేని కొత్త మందులు వచ్చినవి. అయినను లోహపు గుండె కవాటములు అమర్చబడినవారికి నేటికిని వార్ఫరినే ఆధారము. పశువును చంపినదియు, రోగిని కాపాడునదియు ఒకే జాతి పదార్థము. ఆ రెంటికి నడుమ నున్నది మోతాదు, దానిని సరిచూచు పరీక్ష మాత్రమే.