పాత సాఫ్ట్‌వేర్ చేతిలో మన అమానత్

మా హిందూపురంలో షాదీ రుక్కా అచ్చు వేయించడమంటే రెండు లిపుల పని. ఒక పక్క ఉర్దూ, ఇంకో పక్క తెలుగు. బుజుర్గులు ఉర్దూ చదువుతారు, పిల్లలకు తెలుగే వచ్చు, పక్కింటి హిందూ దోస్తులకూ తెలుగే కావాలి. పెనుకొండ బాబయ్య దర్గా ఉర్సు పోస్టరైనా, ధర్మవరంలో మస్జిద్ చందా రసీదైనా ఇదే తరీఖా. ఈ బరువును ఏళ్లుగా మోస్తున్నవి రెండు పాత సాఫ్ట్‌వేర్లు: తెలుగుకు పేజ్‌మేకర్, ఉర్దూకు ఇన్‌పేజ్. మన ఖాందానుల కాగితాలన్నీ వీటిలోనే పుట్టాయి కాబట్టి వీటి తవారీఖ్ మనకు తెలియాలి.

పేజ్‌మేకర్‌ను ఆల్డస్ అనే అమెరికా కంపెనీ 1985లో తెచ్చింది. 1994లో ఆల్డస్‌ను అడోబీ కలిపేసుకుంది. 1999లో ఇన్‌డిజైన్ వచ్చాక అడోబీ నజర్ అటు మళ్లింది. 2001లో వచ్చిన 7.0 పేజ్‌మేకర్‌కు ఆఖరి వెర్షన్. అప్పటి లోపాలు ఇప్పటికీ అలాగే ఉన్నాయి. ఫిర్యాదు చేద్దామన్నా వినే నాథుడు లేడు.

పేజ్‌మేకర్‌కు యూనికోడ్ తెలియదు. అందుకే అను లాంటి ఫాంట్లు ఒక ఉపాయం చేశాయి. ఇంగ్లీషు అక్షరాల జాగాలో తెలుగు ముక్కలు పెట్టి, కళ్లకు తెలుగులా చూపించాయి. తెర మీద ‘నిఖా’ అని కనిపిస్తుంది, ఫైలు లోపల మాత్రం ఉండేది ఏవో ఇంగ్లీషు గుర్తులు. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిచినా, ఆ మాటల్ని వాట్సాప్‌లో అతికించినా అంతా గందరగోళమే. అజీబ్ సంగతేమిటంటే, విండోస్ ఎక్స్‌పీ తనతోపాటు గౌతమి అనే తెలుగు యూనికోడ్ ఫాంటును తెచ్చింది కూడా ఆ 2001లోనే. దారి తెరుచుకున్న ఏడాదే మన ప్రెస్సులు పాత గదిలో ఉండిపోయాయి.

ఉర్దూది ఇంకో కథ. నస్తాలీఖ్ రాయాలంటే ఒకప్పుడు కాతిబ్ కలమే దిక్కు. 1927లో మొదలైన చెన్నై ‘ముసల్మాన్’ పత్రిక ఆ చేతిరాతతోనే పేరు పొందింది. పాకిస్తాన్ ఖత్తాత్ మీర్జా అహ్మద్ జమీల్ వేల కొద్దీ అక్షర జోడింపులను చేత్తో రాసి ఇవ్వగా, మోనోటైప్ కంపెనీ వాటిని 1981లో నూరీ నస్తాలీఖ్‌గా కంప్యూటర్‌కెక్కించింది. 1994లో ఢిల్లీ నుంచి వచ్చిన ఇన్‌పేజ్ దాన్ని చిన్న ప్రెస్సుల దాకా చేర్చింది. కొత్త వెర్షన్లు వచ్చినా పాతదాన్ని వదలని షాపులు ఎన్నో. 2016లో కాస్పర్‌స్కీ నిపుణులు ఇన్‌పేజ్‌లో ఒక ఖతర్నాక్ లోపాన్ని బయటపెట్టారు. మాయ ఫైలు ఒకటి తెరిస్తే చాలు, కంప్యూటర్ పరాయివాళ్ల ఖబ్జాలోకి పోతుంది.

ప్రెస్సువాళ్లను నిందించడం ఇన్సాఫ్ కాదు. ఇన్‌డిజైన్‌లో మన దేశ లిపులు సరిగ్గా కుదిరే సదుపాయం 2012లో సీఎస్6తో గానీ రాలేదు. అప్పటికి ఆపరేటర్ల వేళ్లకు పాత కీబోర్డు అలవాటైపోయింది. కొత్తది కొనాలంటే ఖర్చు. ఉన్నదాంతోనే రోజీ రోటీ నడుస్తోంది.

పాతది కావడం ఐబ్ కాదు. ధర్మవరం మగ్గం మీది జకార్డు పద్ధతి 1804 నాటిది. అట్టకు పడ్డ చిల్లులు కంటికి కనిపిస్తాయి. అట్ట చిరిగితే కొత్తది కొట్టుకుంటారు, పురి తెగితే ముడేస్తారు. దాని మరమ్మతు ఊళ్లోనే ఉంది. పేజ్‌మేకర్ లోపలి రాత మాత్రం కంపెనీ తాళం వెనక ఉంది. కంపెనీ వదిలేస్తే మన ఉస్తాదులు ఎంత హుషారైనా చేయగలిగింది లేదు. ఫరక్ వయసులో లేదు, తాళంలో ఉంది.

ఒక పాత హార్డ్ డిస్కు పాడైతే పోయేది ఫైళ్లే కాదు. ఎవరి అమ్మాయిని ఎవరింటికి ఇచ్చారు, దాదా, పర్‌దాదాల పేర్లేమిటి, మదరసా ఏ సాలున మొదలైంది, ఇవన్నీ ఉన్న కాగితాలు పోతాయి. అందుకని నా గుజారిష్ ఇది. రుక్కా అచ్చైన రోజే ప్రెస్సు నుంచి పీడీఎఫ్ అడిగి తీసుకోండి, అందులో ఫాంటు కలిసే ఉండాలని చెప్పండి. మస్జిద్ కమిటీలు పాత ఫైళ్లను కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్పించి, ఒత్తులు, దీర్ఘాలు తప్పాయేమో చదివి చూడాలి. ఒక కాగితం కాపీ బీరువాలో దాచండి. పాత కంప్యూటర్ ఇంకా ఆన్ అవుతుండగానే ఈ పని కావాలి.