గోల్కొండపై మొఘలుల విస్తరణ (1636–1687)

కుతుబ్‌షాహీల గోల్కొండను మొఘల్ సామ్రాజ్యం ముందు సామంతరాజ్యంగా మార్చి, తర్వాత కలిపేసుకున్న క్రమం ఇది. సామ్రాజ్యాలు హద్దులు ఎందుకు జరుపుకుంటూ పోతాయో తెలుసుకోవడానికి హైదరాబాద్ చరిత్రలో ఇంతకు మించిన ఘట్టం లేదు.

1636 ఒప్పందం ప్రకారం గోల్కొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్‌షా మొఘలులకు ఏటా 2 లక్షల హొన్నుల (బంగారు నాణేల) కప్పానికి ఒప్పుకున్నాడు. పేచీ మారకం దగ్గర పుట్టింది. హొన్ను విలువ 4 రూపాయల నుంచి 5కు పెరిగినా గోల్కొండ పాత లెక్కనే 8 లక్షల రూపాయలు కడుతూ వచ్చింది. తేడా కింద 20 లక్షలు కట్టమన్నాడు మొఘలుల దక్కన్ సుబేదారు ఔరంగజేబు. మొఘలుల వైపు మళ్లిన గోల్కొండ మంత్రి మీర్ జుమ్లా కుటుంబాన్ని సుల్తాను నిర్బంధించడం సాకుగా 1656లో దాడి చేశాడు. హైదరాబాద్ కొల్లబోయాక చక్రవర్తి షాజహాన్ అతన్ని వెనక్కి రమ్మన్నాడు.

కొల్లూరు వజ్రాలు, మచిలీపట్నం రేవు, కృష్ణా గోదావరి మధ్య సారవంతమైన పొలాల శిస్తు: మొఘలుల ఆశకు ఇవి చాలు. గోల్కొండ చివరి సుల్తాను తానీషా మరాఠా రాజు శంభాజీకి సొమ్ము పంపుతున్నాడని, అతని మంత్రులైన అక్కన్న మాదన్నల పెత్తనం సాగుతోందని వచ్చిన ఫిర్యాదులు దానికి తోడయ్యాయి. మతమే మూలమనడం తేలికపాటి మాట. ఓడినవాడూ ముస్లిం సుల్తానే, కాకుంటే షియా.

అప్పటికి చక్రవర్తి అయిన ఔరంగజేబు గోల్కొండ కోటపై సాగించిన ఎనిమిది నెలల ముట్టడి 1687 సెప్టెంబరులో ముగిసింది. కోట తలుపు తీసింది ఫిరంగి కాదు, లంచం. తానీషాను దౌలతాబాద్ కోటలో బంధించారు.

గెలుపుతో ఖర్చు తగ్గలేదు. లొంగిన దక్కనీ సర్దారులకూ మన్సబులు (హోదాలు) ఇవ్వాల్సి రావడంతో, వాటికి జీతంగా ఇచ్చే జాగీర్లకు కొరత ఏర్పడింది. చివరికి దక్కన్ కూడా మొఘలుల చేతిలో నిలవలేదు: 1724లో షకర్‌ఖేడా యుద్ధంలో మొఘల్ సుబేదారు ముబారిజ్ ఖాన్‌ను ఓడించిన మొఘల్ ప్రముఖుడు నిజాముల్ముల్క్ దాన్ని దాదాపు స్వతంత్రంగా ఏలుకున్నాడు.