షాంఘై సందులు, రాతి ద్వారాల ఇళ్లు

షాంఘై అనగానే హువాంగ్‌పు నదికి తూర్పున పుడోంగ్‌లో బారులు తీరిన ఆకాశహర్మ్యాలు స్ఫురణకు వస్తాయి. వాటిలో 632 మీటర్ల షాంఘై టవర్ అన్నిటికన్నా ఎత్తైనది. అయితే ఈ నగర స్వభావాన్ని తీర్చిదిద్దినవి నదికి పడమటి ఒడ్డున ఉన్న రెండు మూడు అంతస్తుల వరుస ఇళ్లు. ఆ ఇళ్ల సందులను ‘లిలోంగ్’ అంటారు. వాటిలో పాతకాలపు ఇంటికి ‘షికుమెన్’ అని పేరు. రాతి చట్రం బిగించిన ద్వారం అని దాని భావం.

1842 నాటి నాన్‌జింగ్ ఒడంబడిక దరిమిలా, 1843లో షాంఘై రేవు విదేశీ వర్తకానికి తెరుచుకుంది. బ్రిటిష్, ఫ్రెంచి, అమెరికన్ వర్తకులు ప్రత్యేక ప్రాంతాలు ఏర్పరచుకున్నారు. 1853లో చిన్న కత్తుల సంఘం తిరుగుబాటు, ఆ వెనుకే తైపింగ్ యుద్ధం చైనీయులను వేల సంఖ్యలో ఆ ప్రాంతాలకు తరిమాయి. వర్తకులు చవకగా చెక్క ఇళ్లు కట్టి వారికి అద్దెకిచ్చారు. అవి తరచూ అగ్నికి ఆహుతి కావడంతో వాటి స్థానంలో ఇటుక గోడల షికుమెన్లు వెలిశాయి. (ఆ రోజుల్లో ఇక్కడి అంతర్జాతీయ ప్రాంతపు వీధుల్లో పహరా కాసిన వారిలో పంజాబు నుంచి వెళ్లిన సిక్కు పోలీసులు కూడా ఉండేవారు.)

ఇళ్ల వరుస ఐరోపా పద్ధతి; లోపలి అమరిక యాంగ్జీ దిగువ ప్రాంతపు సంప్రదాయం. నల్లని జంట తలుపులు తెరిస్తే మండువా వంటి చిన్న ఖాళీ కనిపిస్తుంది. దానిని ‘తియాన్‌జింగ్’, అంటే ఆకాశపు బావి అంటారు. దాని వెనుక ముందుగది, చివర వంటగది. మెట్ల మలుపులో, వంటగది పైన ‘తింగ్‌జిజియెన్’ అనే ఇరుకు గది ఉంటుంది. ఉత్తర ముఖంగా ఉండే ఆ గది చలికాలంలో గడ్డకట్టిస్తుంది, ఎండాకాలంలో ఉడికిస్తుంది. అద్దె తక్కువ కనుక పేద రచయితలు అందులోనే కాపురముండేవారు. ఆ గది పేరే ఒక సాహిత్య ధోరణికి స్థిరపడింది. లూ షున్ తన చివరి వ్యాసాలకు పెట్టిన ‘చియెజియెతింగ్’ అనే పేరు కూడా ఈ గదిని ఉద్దేశించినదే. విదేశీ ప్రాంతం అనే మాటలోని రెండు అక్షరాలను చెరి సగం కత్తిరించి ఆయన ఆ పేరు కూర్చారు. అందులోని ఎత్తిపొడుపు పాఠకులకు వెంటనే తెలిసేది.

1921 జులైలో చైనా కమ్యూనిస్టు పార్టీ తొలి మహాసభ జరిగింది కూడా ఫ్రెంచి ప్రాంతంలోని ఒక షికుమెన్‌లోనే. పోలీసుల కన్ను పడటంతో చివరి సమావేశాన్ని జియాషింగ్ సరస్సులో పడవ మీద ముగించారు.

జనం పెరిగే కొద్దీ ఒక కుటుంబానికి కట్టిన ఇంట్లో నాలుగైదు కుటుంబాలు సర్దుకున్నాయి. వంటగది ఒక్కటే, కానీ కరెంటు ఖర్చు కలవకుండా ఎవరి బల్బు వారిదే, ఎవరి స్విచ్చు వారిదే. మరుగుదొడ్డి లేని ఇళ్లలో తెల్లవారుజామునే మలపాత్రలు ఖాళీ చేసుకోవలసి వచ్చేది. సందు మీదుగా వెదురు గడలపై బట్టలు ఆరేవి. ఈ దృశ్యాన్ని ఛాయాచిత్రాలలో చూసి మురిసిపోవడం తేలిక. అందులో బతకడం తేలిక కాదు.

శిథిలావస్థకు చేరిన 36.5 లక్షల చదరపు మీటర్ల నివాసాలను 2000 నాటికి తొలగించాలని 1990లలో నగర పాలకులు సంకల్పించారు. ఎందరో శివార్లలోని బహుళ అంతస్తుల భవనాలకు తరలిపోయారు. సొంత స్నానాల గది దొరికింది. సందులోని ఇరుగుపొరుగు దూరమయ్యారు. 2001లో ప్రారంభమైన షింతియాన్‌దీలో పాత గోడలు నిలబెట్టి, లోపల కాఫీ హోటళ్లు, ఖరీదైన దుకాణాలు తెరిచారు. తియాన్‌జిఫాంగ్ తీరు వేరు. అక్కడ కింది భాగాలు చిత్రకారులకు, దుకాణాలకు అద్దెకు పోయినా పై అంతస్తుల్లో కొందరు పాత నివాసులు మిగిలారు.

‘పడగొట్టు, బాగుచేయి, ఉంచు’ అనే పాత విధానపు వరుసను 2017లో తిరగవేసి ‘ఉంచు, బాగుచేయి, పడగొట్టు’ అన్నారు. ఆ తరువాత అనేక సందుల్లో గోడలు నిలిచాయి. వాటి మధ్య పెరిగిన కుటుంబాలు మాత్రం పరిహారం తీసుకుని తరలిపోతూనే ఉన్నాయి.