కటకటాల నుంచి చిల్లుల రేకు దాకా

అంతర్వేదిలో ఎండ కంటే ఉక్కపోతే ఎక్కువ బాధిస్తుంది. మాకు దక్షిణాన సముద్రం, పడమట వశిష్ఠ గోదావరి. మధ్యాహ్నం దాటితే గాలి దక్షిణం నుంచి వస్తుంది, ఎండ పడమటి నుంచి కొడుతుంది. గాలిని రానిచ్చి ఎండను బయటే ఆపాలి. మా ఊళ్లో ఇల్లు కట్టిన ప్రతివాడికీ ఉన్న చిక్కు ఇదే. గేట్లు, గ్రిల్స్ చేసి బతికేవాణ్ణి కాబట్టి దీనికి మా వాళ్లు ఎప్పుడెప్పుడు ఏం చేశారో చేతిపని ద్వారానే తెలుసుకున్నాను.

తాటాకిళ్ల కాలంలో కొబ్బరాకు తడికలుండేవి. మట్టను నిలువునా చీల్చి, ఆకులు అల్లి, వెదురు బద్దలకు బిగించి, చూరు నుంచి గోడకు మూరెడు ఎడంగా కట్టేవారు. ఆ మూరెడు జాగాలోనే ఉంది కిటుకంతా. ఎండకు తడిక వేడెక్కినా, గోడకు చేరకముందే ఆ వేడిని గాలి ఎత్తుకుపోతుంది. కలిగినవాళ్ల పెంకుటిళ్లలో అదే పని వసారా ముందు కటకటాలు చేశాయి. మా తాత వడ్రంగి. కటకటాల బద్దల అంచుల్ని బయటికి ఏటవాలుగా చిత్రిక పట్టేవాడు, జల్లు కొట్టినా నీళ్లు లోపలికి రాకుండా. పాత బద్దొకటి ఇప్పటికీ మా షెడ్డులో ఉంది. వేలితో రాస్తే ఆ వాలు తెలుస్తుంది.

రాతిలో ఈ పని ఇంకా పాతది. తుంగభద్ర ఒడ్డున అలంపురంలో బాదామి చాళుక్యులు ఏడో శతాబ్దంలో కట్టించిన నవబ్రహ్మ ఆలయాలకు రాయిని తొలిచి చేసిన జాలీ కిటికీలున్నాయి. గోల్కొండ దగ్గర కుతుబ్ షాహీ సమాధుల్లోనూ రాతి జాలీలు కనిపిస్తాయి.

మా దగ్గర ఈ వరస తెగిపోవడానికి కారణం తుపానులు. 1996 నవంబరు 6న వచ్చిన తుపానుకు మా కోనసీమలో లక్షల కొబ్బరిచెట్లు కూలాయి. తాటాకు కప్పులు ఎగిరిపోవడం కళ్లారా చూసినవాళ్లు స్లాబు వేసుకున్నారు. ప్రాణం కోసం వేసుకున్న స్లాబును తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. కానీ తడికతోపాటు దాని వెనక ఉన్న ఆలోచన కూడా పోయింది. కిటికీలకు అద్దాలొచ్చాయి, ఆ తర్వాత ఏసీలు, వాటి వెంట కరెంటు బిల్లులు.

ఆ ఆలోచన ఇప్పుడు చిల్లుల రేకుగా తిరిగొస్తోంది. ఈ రేకు మాకు కొత్తదేమీ కాదు. రైసుమిల్లు హల్లర్లో బియ్యం నిలిచి తవుడు రాలేది చిల్లుల రేకు మీంచే. అదే రేకు ఎండకు అడ్డుగా గోడ ఎక్కడం మాత్రం ఈమధ్యే చూస్తున్నాం. పెద్ద భవనాల్లోకి జాలీ ముందే తిరిగొచ్చింది. 2004లో అబ్దుల్ కలాం ప్రారంభించిన హైదరాబాదు సీఐఐ–సొరాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్లో జాలీ గోడలు కట్టారు. 2012లో హైదరాబాదులోనే పూర్తైన కేఎంసీ కంపెనీ కార్యాలయానికి ఆర్కిటెక్టు రాహుల్ మెహ్రోత్రా సంస్థ గోడ బయట అల్యూమినియం జాలీ బిగించి, దాని మీద మొక్కలు పెంచి, తుంపర నీళ్లు చల్లే ఏర్పాటు చేసింది. లోహంతో అల్లిన తడిక అంటే అదే.

మొన్న ఒక పెద్దాయన వచ్చి, "ఏరా అబ్బాయ్, ఇంటి చుట్టూ చిల్లుల రేకు కొట్టెయ్యరా, చల్లగా ఉంటదంట!" అన్నారు. "చుట్టూ ఎందుకండీ బాబాయిగారూ, పడమటికి చాలండి" అన్నాను. మే రెండో వారం నుంచి మధ్యాహ్నపు సూర్యుడు మాకు నడినెత్తి దాటి కాస్త ఉత్తరానికే ఉంటాడు. దక్షిణపు కిటికీకి సన్‌షేడ్ చాలు, అక్కడ రేకు కొడితే వచ్చే గాలిని మనమే ఆపుకున్నట్టు. పడమటి ఎండ ఏటవాలుగా గదిలోకి దూరుతుంది, దాన్ని సన్‌షేడ్ ఆపలేదు. 5 మిల్లీమీటర్ల చిల్లులు 8 మిల్లీమీటర్లకొకటి చొప్పున పక్కపక్క వరసల్లో తప్పించి కొడితే రేకులో 35 శాతమే ఖాళీ ఉంటుంది. పడమటికి అది బాగుంటుంది. 10 మిల్లీమీటర్ల చిల్లు 12కొకటి కొడితే ఖాళీ 63 శాతం. గాలి బాగా ఆడుతుంది, నీడ పలచబడుతుంది. కేంద్రం 2018లో తెచ్చిన ఎకో నివాస్ సంహిత అనే ఇళ్ల నియమావళి కూడా మాలాంటి ఉక్క ప్రాంతాల ఇళ్లకు, నేల వైశాల్యంలో తెరుచుకునే కిటికీల వంతు కనీసం 16.66 శాతం ఉండాలంది. హైదరాబాదులాంటి చోట్లకు 12.5 చాలు. గాలి విలువ అంత.

ఇక ఉప్పుగాలి. జింకు పూసిన ఇనపరేకుకు తర్వాత చిల్లులు కొడితే ప్రతి చిల్లు అంచునా పచ్చి ఇనుము బయటపడుతుంది, తుప్పు అక్కడే మొదలవుతుంది. కాబట్టి చిల్లులు కొట్టాకే జింకులో ముంచాలి, లేదా అల్యూమినియం వాడాలి. అల్యూమినియానికి మామూలు ఇనప స్క్రూలు బిగించకూడదు, రెండు లోహాలు ఉప్పుతేమలో కలిస్తే అల్యూమినియం తినుకుపోతుంది. తుపాను గాలికి ముందు ఊడేది రేకు కాదు, దాన్ని పట్టిన క్లాంపు. అందుకే బాబాయిగారి పడమటి గోడకు రేకు ఖర్చు తగ్గించి, క్లాంపులు మందంవి వేయమని చెప్పాను. గోడకు ఎడం మాత్రం మూరెడే ఉంచుతున్నాం.