మిల్లు క్వార్టర్ల నుంచి మడికొండ దాకా: వరంగల్లులో పనిచోటి సంస్కృతి - చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

సాఫ్ట్‌వేర్ రంగంలో పనిచోటి సంస్కృతిని గురించిన చర్చ సాధారణంగా మేనేజర్ స్వభావం చుట్టూ తిరుగుతుంది. వరంగల్లుకు సంబంధించినంతవరకు ఈ ప్రశ్న కొత్తది కాదు. 1934లో ఆజంజాహీ మిల్లు స్థాపనతో ఆధునిక పరిశ్రమ ఈ నగరంలోకి వచ్చినప్పటి నుంచి, పనిచేయించేవారికీ పనిచేసేవారికీ మధ్య సంబంధం ఎలా ఉండాలన్న ప్రశ్న కూడా ఇక్కడ ఉంది. మిల్లు వ్యవస్థనూ, మడికొండలో ఏర్పడిన ఐటీ కేంద్రాలనూ ఒకే చారిత్రక క్రమంలో ఉంచి పరిశీలించడం, బృంద నాయకుని పాత్రను ఆ వెలుగులో అంచనా వేయడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: వరంగల్, ఆజంజాహీ మిల్లు, జాబర్ వ్యవస్థ, మడికొండ, సాఫ్ట్‌వేర్ బృందం, పనిచోటి సంస్కృతి.

1. ఉపోద్ఘాతం:

2020 జనవరిలో వరంగల్ సమీపంలోని మడికొండలో టెక్ మహీంద్రా, సైయెంట్ సంస్థల కేంద్రాలు ప్రారంభమయ్యాయి. నెహ్రూ 1959లో శంకుస్థాపన చేసిన ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాల అప్పటికి ఆరు దశాబ్దాలుగా ఇంజనీర్లను తయారుచేస్తూనే ఉంది. అయితే పట్టా చేతికందిన యువత హైదరాబాదుకో, బెంగళూరుకో, విదేశాలకో తరలిపోవడమే ఆనవాయితీగా ఉండేది. సొంత ఊరిలోనే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం అనే అవకాశానికి ఈ కేంద్రాలు ఒక రూపమిచ్చాయి. అవకాశం వచ్చిన చోట దాన్ని నడిపే తీరు గురించిన ప్రశ్న కూడా వస్తుంది. దానికి సమాధానం వెదకాలంటే నగరానికి ఆవలి కొసన, దాదాపు తొమ్మిది దశాబ్దాల వెనుక మొదలైన మరో కథ దగ్గరికి వెళ్లాలి.

2. మిల్లు: ఇచ్చిన సౌకర్యం, అడిగిన హక్కు:

ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలంలో, ఆయన పెద్ద కుమారుడు ఆజం జా పేరిట ఏర్పడిన ఆజంజాహీ మిల్లు వరంగల్లును పారిశ్రామిక నగరంగా మార్చింది. చుట్టుపక్కల పండే పత్తి దారమై, బట్టై బయటికి వెళ్లింది. పొలం పనికీ, చేతిమగ్గానికీ అలవాటైన మనుషులు గడియారానికి లోబడిన షిఫ్టులోకి వచ్చారు. మిల్లుతోపాటే కార్మికుల క్వార్టర్లు, మైదానం, కార్మిక సంఘం నగర జీవనంలో భాగాలయ్యాయి. నేటికీ ఆ ప్రాంతాన్ని మిల్లు పేరుతోనే గుర్తుపడతారు.

భారతీయ వస్త్ర మిల్లుల అంతర్గత వ్యవస్థను అర్థం చేసుకోవడానికి జాబర్ అనే వ్యక్తి ముఖ్యం. కార్మికుణ్ణి పనిలోకి తీసుకురావడం, పని అప్పగించడం, సెలవు ఇప్పించడం, అవసరమైతే తొలగింపజేయడం మిల్లుల్లో చాలావరకు అతని చేతిలో ఉండేవి. భారతదేశంలో కార్మికుల స్థితిగతులను పరిశీలించిన రాయల్ కమిషన్ 1931లో ఇచ్చిన నివేదికలో ఈ వ్యవస్థను తీవ్రంగా విమర్శించింది. నియామకాధికారాన్ని జాబర్ల నుంచి తప్పించి ప్రత్యేకాధికారులకు అప్పగించాలని సూచించింది. జాబర్లలో మంచివారూ ఉండి ఉంటారు. అయితే ఒక మనిషి జీవనోపాధి మొత్తం మరొక మనిషి ఇష్టాయిష్టాల మీద ఆధారపడినప్పుడు ఆ మంచితనానికి హామీ ఎక్కడ అన్నది కమిషన్ విమర్శలోంచి తేలే ప్రశ్న.

స్వాతంత్ర్యానికి కొంచెం ముందూ వెనుకలుగా ఆ ప్రశ్నకు చట్టం కొంత సమాధానమిచ్చింది. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం, వందమంది లేదా అంతకు మించి కార్మికులున్న చోట యాజమాన్య ప్రతినిధులతో సమాన సంఖ్యకు తగ్గకుండా కార్మిక ప్రతినిధులుండే వర్క్స్ కమిటీని ఏర్పాటు చేయమని ఆదేశించడానికి ప్రభుత్వానికి వీలు కల్పించింది. 1948 నాటి కర్మాగారాల చట్టం వారానికి 48 గంటల పరిమితి విధించింది. 250 మందికి మించిన చోట క్యాంటీన్, 500 మంది లేదా అంతకు మించిన చోట సంక్షేమాధికారి ఉండాలంది. హైదరాబాద్ సంస్థానంలో అప్పటికే 1946లో అఖిల హైదరాబాద్ ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్ ఏర్పడింది. కవి మఖ్దూం మొహియుద్దీన్ దానికి నాయకత్వం వహించారు. దయగా అందిన సౌకర్యాన్ని హక్కుగా మార్చే పని ఈ విధంగా మొదలైంది.

ఆజంజాహీ మిల్లు 1970వ దశకంలో జాతీయ జౌళి సంస్థ చేతికి వచ్చింది. 2002లో మూతపడింది. పనితోపాటు ఇల్లు, ఇరుగుపొరుగు, సంఘం అన్నీ ఒకే గొడుగు కింద ఉన్న కుటుంబాలకు ఆ గొడుగు ఒక్కసారిగా తొలగింది. సౌకర్యాలు ఎంత ఉదారమైనవైనా అవి పరిశ్రమ ఆయుష్షుకు కట్టుబడి ఉంటాయి. సంఘంలో నేర్చుకున్న మాట్లాడే అలవాటు మాత్రం ఆ తరంతో నిలిచిపోయింది.

3. మగ్గం నుంచి బృందానికి:

పర్యవేక్షకుని మంచితనానికీ, చట్టం నిర్దేశానికీ మధ్య మూడవ మార్గం ఒకటి భారతీయ మిల్లులోనే పరీక్షకు వచ్చింది. లండన్‌లోని టావిస్టాక్ సంస్థకు చెందిన ఎ. కె. రైస్ 1953లో అహ్మదాబాద్ కాలికో మిల్లులో ఒక ప్రయోగం చేపట్టాడు. స్వయంచాలక మగ్గాలు పెట్టినా ఆశించిన ఫలితం రాలేదు. ఒక్కొక్క పనిని ఒక్కొక్కరికి విడగొట్టడంతో ఎవరు ఎవరికి జవాబుదారో స్పష్టత లేకపోవడాన్ని అతడు గమనించాడు. కొన్ని మగ్గాల బాధ్యత మొత్తాన్ని ఒక చిన్న బృందానికి అప్పగించాలని ప్రతిపాదించాడు. బృందంలో ఎవరుండాలో కార్మికులే తేల్చుకున్నారు. ఉత్పత్తి పెరిగింది, బట్టలో లోపాలు తగ్గాయి. ఈ అనుభవాన్ని రైస్ 1958లో గ్రంథంగా వెలువరించాడు. తరువాతి కాలంలో ఎరిక్ మిల్లర్ తిరిగి పరిశీలించినప్పుడు కొన్ని షెడ్లలో ఆ పద్ధతి నిలిచి, మరికొన్నింటిలో క్షీణించినట్లు తేలింది. బృందానికి ఇచ్చిన స్వేచ్ఛ, దాన్ని కాపాడే పరిస్థితులు ఉన్నంతకాలమే నిలుస్తుందన్నది ఇక్కడి పాఠం.

సాఫ్ట్‌వేర్ రంగం తన దారిలో ఈ సత్యానికే చేరుకుంది. జెరాల్డ్ వైన్‌బర్గ్ 1971లోనే ప్రోగ్రామింగును మానవ ప్రవర్తనగా అధ్యయనం చేశాడు. తాను రాసిన కోడ్‌ను తన అహానికి ప్రతిరూపంగా భావించేవాడు దానిలోని తప్పును చూడలేడన్నది అతని వాదం. ఆలస్యమైన ప్రాజెక్టుకు మనుషులను చేరిస్తే అది మరింత ఆలస్యమవుతుందని ఫ్రెడరిక్ బ్రూక్స్ 1975లో చూపాడు. 2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటా రాష్ట్రంలో 17 మంది నిపుణులు ప్రకటించిన ఎజైల్ సూత్రాలు స్వయంనిర్వాహక బృందాన్నీ, నిరవధికంగా కొనసాగించగల పనివేగాన్నీ కోరాయి. కాలికో మగ్గాల షెడ్డుకూ ఈ సూత్రాలకూ మధ్య అర్ధశతాబ్దపు దూరం ఉన్నా, రెండింటి సారం దగ్గరిదే.

ఏమీ ఎడ్మండ్‌సన్ పరిశోధన ఈ క్రమంలో మరో ముఖ్యమైన మలుపు. ఆసుపత్రుల్లో మందుల విషయంలో జరిగే పొరపాట్లను ఆమె 1990వ దశకంలో అధ్యయనం చేశారు. మెరుగైన బృందాల్లో పొరపాట్లు తక్కువగా ఉంటాయని ఆశిస్తే, నమోదైన పొరపాట్లు అక్కడే ఎక్కువగా కనిపించాయి. ఆ బృందాలు పొరపాట్లను దాచడం లేదన్నది ఆమె చేరిన వివరణ. అడగడానికీ, ఒప్పుకోవడానికీ భయం లేని స్థితిని ఆమె 1999 నాటి పత్రంలో మానసిక భద్రతగా నిర్వచించారు.

4. మడికొండలో మేనేజర్:

మిల్లు నాటి జాబరుకూ నేటి బృంద మేనేజరుకూ చదువులో, వేతనంలో, భాషలో పోలిక లేదు. అధికార స్వరూపంలో మాత్రం ఒక పోలిక ఉంది. పని అప్పగించేదీ, సెలవు మంజూరు చేసేదీ, వార్షిక మదింపు రాసేదీ చాలాచోట్ల ఒకే వ్యక్తి. జాబర్ చేతిలోని అధికారాన్ని విడగొట్టాలన్న 1931 నాటి సూచన ఇక్కడ మళ్లీ ప్రాసంగికమవుతుంది.

చిన్న నగరంలో ఈ అధికారానికి అదనపు బరువు ఉంటుంది. అసంతృప్తి కలిగినవారికి రెండు మార్గాలుంటాయని, ఒకటి నిష్క్రమణ, రెండవది నోరువిప్పడమని ఆల్బర్ట్ హిర్ష్‌మన్ 1970లో ప్రతిపాదించాడు. హైదరాబాదులో ఒక సంస్థ నచ్చకపోతే వీధి దాటితే మరొకటి దొరకవచ్చు. సంస్థలు వేళ్లమీద లెక్కించదగినన్ని ఉన్న వరంగల్లులో ఉద్యోగం మారడమంటే తరచుగా ఊరు మారడమే. వృద్ధ తల్లిదండ్రుల కోసమో, పిల్లల కోసమో ఇక్కడే ఉండదలచిన ఉద్యోగికి నిష్క్రమణ మార్గం ఇరుకైనది. కనుక నోరువిప్పే మార్గం విశాలంగా ఉండవలసిందే. సొంత ఊరిలో కొలువు దొరికిందన్న కృతజ్ఞతను రాత్రిపూట కాల్స్‌కూ, సెలవురోజు పనికీ అంగీకారంగా భావించడం ఈ నేపథ్యంలో అన్యాయమవుతుంది.

సంబోధన కూడా ఈ చర్చలో భాగమే. తెలుగు కార్యాలయాల్లో 'సార్' దూరాన్ని పెంచుతుంది, 'అన్నా' దాన్ని తగ్గిస్తుంది. అయితే అన్న అడిగిన పనిని కాదనడం తమ్మునికి కష్టం. బంధుత్వ సంబోధన ఆత్మీయతను ఇస్తూనే నిరాకరించే వీలును హరించగలదు. కేంద్రాలు ప్రారంభమైన రెండు నెలలకే వచ్చిన లాక్‌డౌన్ పనిచోటును ఇంట్లోకి తెచ్చి, పనివేళకూ ఇంటివేళకూ మధ్య గీతను మరింత పలుచన చేసింది.

ఈ పరిస్థితుల్లో మేనేజర్ చేయగలిగిన పనులు నిర్దిష్టమైనవి. గడువును బృందంతో కలిసి అంచనా వేయడం, ఆలస్యమవుతుందన్న వార్తను ముందుగా తెచ్చినవారిని నిందించకపోవడం, లోపం బయటపడినప్పుడు ఎవరు చేశారన్నదానికన్నా ఎలా జరిగిందన్నదాన్ని ముందు విచారించడం, రాత్రి కాల్స్‌ను వంతులవారీగా పంచి మరునాటి విశ్రాంతిని లెక్కలోకి తీసుకోవడం, తన పొరపాటును తానే ముందు చెప్పడం అలాంటివి. వీటికి తోడు సంస్థ చేయవలసినవి వేరే ఉన్నాయి. మేనేజరుతో సంబంధం లేని ఫిర్యాదు మార్గం, ఒక్కరి చేతిలో లేని మదింపు, పదిమంది లేదా అంతకు మించి ఉద్యోగులున్న చోట 2013 నాటి చట్టం తప్పనిసరి చేసిన అంతర్గత ఫిర్యాదుల కమిటీ నిజంగా పనిచేయడం ఇందులోకి వస్తాయి.

5. ముగింపు:

వరంగల్ పారిశ్రామిక చరిత్ర రెండు విషయాలను స్పష్టం చేస్తుంది. ఒకటి, సౌకర్యం సంస్కృతి కాదు. క్వార్టర్లు ఇచ్చిన మిల్లూ మూతపడింది, క్యాంటీనూ ఆటగదీ ఇచ్చే సంస్థా వేరేచోటికి తరలవచ్చు. రెండు, మేనేజర్ మంచితనం అవసరమే గాని చాలదు. మంచి మేనేజర్ బదిలీ అయిన మరునాడు కూడా బృందంలో అత్యంత జూనియర్ ఉద్యోగి 'ఈ గడువు కుదరదు' అని నిర్భయంగా చెప్పగలిగితే, అక్కడ ఒక సంస్కృతి ఏర్పడినట్లు. మిల్లు కార్మికులు సంఘం ద్వారా ఆ మాట చెప్పడం నేర్చుకున్నారు. సంఘం లేని సాఫ్ట్‌వేర్ బృందంలో ఆ మాటకు చోటు కల్పించడం మేనేజర్ మొదటి బాధ్యత, ఆ చోటు అతని తరువాత కూడా నిలిచేలా చూడడం సంస్థ బాధ్యత.