డిజిటల్ లో-పాస్ ఫిల్టరు

డిజిటల్ లో-పాస్ ఫిల్టరు అనగా సంకేతంలోని తక్కువ పౌనఃపున్యాలను పోనిచ్చి, ఎక్కువ పౌనఃపున్యాలను అణచివేసే గణన పద్ధతి. అనలాగ్ ఫిల్టర్ల సిద్ధాంతం కంప్యూటర్ల కంటే ముందే స్థిరపడినది. స్టీఫెన్ బటర్‌వర్త్ తన ప్రసిద్ధ పత్రాన్ని 1930లోనే ప్రచురించాడు. అందువలన అనలాగ్ మూలరూపాన్ని తీసుకొని దానిని డిజిటల్‌గా మార్చుట ఆనవాయితీ అయినది.

మూలరూపం

అన్నిటికంటే సరళమైన మూలరూపం ఒక నిరోధకం, ఒక కెపాసిటర్ కలిగిన వలయం. ఈ రెండింటి విలువల లబ్ధాన్ని కాలస్థిరాంకం అంటారు. వలయపు అవకలన సమీకరణంలో మార్పు రేటుకు బదులు, వరుసగా వచ్చిన రెండు ఫలితాల తేడాను శాంపిళ్ళ మధ్య వ్యవధితో భాగించి వ్రాసినచో ఈ సూత్రం వస్తుంది:

కొత్త ఫలితం = పాత ఫలితం + క × (కొత్త కొలత – పాత ఫలితం)

ఇక్కడ క = వ్యవధి ÷ (కాలస్థిరాంకం + వ్యవధి).

ఉదాహరణ

తెనాలి, రేపల్లె, బాపట్ల ప్రాంతాలకు నీరందించే కృష్ణా పశ్చిమ డెల్టా కాలువలలో ఒకదానిపై, 10 సెకన్లకొకసారి నీటిమట్టం కొలిచే సాధనం ఉన్నదనుకొందాం. కాలస్థిరాంకం 60 సెకన్లయితే క విలువ 1/7. మట్టం హఠాత్తుగా 70 సెం.మీ. పెరిగితే ఫిల్టరు మొదటి కొలతకు 10 సెం.మీ., నిమిషానికి సుమారు 42 సెం.మీ. పెరుగుదల చూపుతుంది. గీత మరింత నునుపుగా ఉండాలని కాలస్థిరాంకాన్ని 10 నిమిషాలు చేస్తే, నిమిషం గడిచినా 7 సెం.మీ. కూడా చూపదు. 2009 అక్టోబరులోను, 2024 సెప్టెంబరులోను ప్రకాశం బ్యారేజి వద్దకు 10 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చిన ప్రాంతమిది. ఇటువంటి చోట హెచ్చరిక ఆలస్యం కావడం చిన్న విషయం కాదు.

20 సెకన్లలోపే లేచిపడే అలలు ఈ సాధనానికి నెమ్మదైన మార్పులుగా భ్రమ కలిగిస్తాయి. ఆ తరువాత ఏ గణనా వాటిని వేరు చేయలేదు. కనుక వాటిని శాంపిలు తీయకముందే ఆపవలెను. చిన్న రంధ్రం గల నిలువు గొట్టంలో మట్టాన్ని కొలవడం ఇందుకే. నిజానికి ఆ గొట్టమూ ఒక లో-పాస్ ఫిల్టరే.

బైలీనియర్ పరివర్తనం

పై పద్ధతి నెమ్మదైన సంకేతాలకు చాలు. ధ్వని వంటి వాటికి ఆర్నాల్డ్ టస్టిన్ పేరుతో పిలువబడే బైలీనియర్ పరివర్తనం మేలైనది. ఇందులో అనంతం వరకు ఉన్న అనలాగ్ పౌనఃపున్యాలన్నీ శాంపిలింగ్ రేటులో సగం లోపలికి కుదించబడతాయి. సెకనుకు 8000 శాంపిళ్ళు తీసే చోట 2000 హెర్ట్జ్ కటాఫ్ గల మూలరూపాన్ని నేరుగా మారిస్తే కటాఫ్ సుమారు 1695 హెర్ట్జ్‌కు జారిపోతుంది. మూలరూపపు కటాఫ్‌ను ముందే సుమారు 2546 హెర్ట్జ్‌కు జరిపి మార్చినచో సరిగ్గా 2000 వద్ద నిలుస్తుంది. విశేషమేమిటంటే, అప్పుడు వచ్చే ఫిల్టరు వరుసగా ఉన్న రెండు శాంపిళ్ళ సగటు మాత్రమే.

స్థిరత్వం

ఈ రెండు పద్ధతులలోను స్థిరమైన మూలరూపం స్థిరంగానే మారుతుంది. పాత ఫలితం, పాత కొలతలతోనే మార్పును లెక్కించే ముందడుగు పద్ధతిలో మాత్రం, వ్యవధి కాలస్థిరాంకానికి రెట్టింపును మించితే ఫలితం అదుపు తప్పి పెరిగిపోతుంది.